స్పీకర్ కొనేముందు సౌండ్ తగ్గించండి

బ్లూటూత్ స్పీకర్ కొనబోయేవాళ్లు ఎవరైనా మొదట అడిగేది "ఎన్ని వాట్లు?" అని. తర్వాత "బేస్ బాగుంటుందా?" అని. ఆ తర్వాత బ్యాటరీ ఎన్ని గంటలొస్తుందని. మూడింటికీ జవాబులు పెట్టె మీదే పెద్ద అక్షరాల్లో ఉంటాయి కాబట్టి, రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టి పెద్ద అంకె ఉన్నది తీసుకుంటే పనైపోతుందనిపిస్తుంది.

కానీ ఈ స్పీకర్లని మనం నిజంగా ఎలా వాడతామో ఒకసారి చూడండి. వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ, పక్క గదిలో పిల్లలు చదువుకుంటుంటే, నిద్ర పట్టే ముందు. వీటిలో ఏ ఒక్క సందర్భంలోనూ వాల్యూమ్ సగానికి మించదు. వినేది కూడా ఎప్పుడూ పాటలే కాదు. వార్తలు, ఇంటర్వ్యూలు, కథలు, పాడ్‌కాస్టులు, ఎవరో గంటసేపు ఓపిగ్గా చెప్పే పాఠాలు. సంవత్సరంలో మూడొందల రోజులకు పైగా మన స్పీకర్ పని ఇదే. కొనేటప్పుడు మాత్రం మన కళ్ల ముందు ఉండేది పదిమంది గెంతులేసే ఆ ఒక్క రోజు. దుకాణంలో డెమో కూడా ఆ రోజుకి తగ్గట్టే ఉంటుంది: ఫుల్ వాల్యూమ్, గుండె అదిరే బీటు, ముప్పై సెకన్లు.

నా వాదన సింపుల్. చిన్న స్పీకర్‌ని తక్కువ సౌండ్‌లో, మనిషి గొంతుతో పరీక్షించి కొనాలి. పెద్ద సౌండ్‌లో బాగున్నది చిన్న సౌండ్‌లో ఎలాగూ బాగుంటుందిలే అనుకుంటాం గానీ, అలా ఉండదు. ఎందుకు ఉండదో చెప్పే ముందు, ఆ వాట్ల సంగతి తేల్చేయాలి.

వాట్ల అంకె ఆంప్లిఫయర్ ఎంత పవర్ ఇవ్వగలదో చెబుతుంది. గదిలోకి ఎంత శబ్దం వస్తుందో చెప్పదు. అదే పవర్‌తో ఒక డ్రైవర్ (స్పీకర్‌లో శబ్దం పుట్టించే భాగం) ఎక్కువ శబ్దం చేస్తుంది, ఇంకొకటి తక్కువ చేస్తుంది, మిగతాదంతా వేడిగా పోతుంది. అన్నీ సమానమే అనుకున్నా, వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి అది "కాస్త పెరిగినట్టుందే" అనిపించేంత. వినేవాడికి శబ్దం రెట్టింపైందనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి పవర్ పది రెట్లు కావాలి. కాబట్టి 20 వాట్ల స్పీకర్ 10 వాట్ల దానికంటే రెండింతలు మోగుతుందని ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు. పైగా ఆ అంకె కొలిచేటప్పుడు ఎంత డిస్టార్షన్‌ని (శబ్దం వికృతమవడాన్ని) సరేలే అని వదిలేశారో పెట్టె మీద రాయరు. 1 శాతం డిస్టార్షన్ దగ్గర ఆపితే ఒక అంకె వస్తుంది, 10 శాతం దాకా పోనిస్తే అదే ఆంప్లిఫయర్‌కి ఇంకా పెద్ద అంకె వస్తుంది. ఒకప్పుడు అరచేయంత కంప్యూటర్ స్పీకర్ల మీద కూడా పి.ఎం.పి.ఓ. (క్షణకాలపు గరిష్ఠ పవర్) అని వందల వాట్లు రాసేవాళ్లు, గుర్తుందా? ఆ రోజులు పోయాయి గానీ, ఆ బుద్ధి పూర్తిగా పోలేదు.

ఇంతకంటే మంచి ఆధారం అదే పెట్టె మీద ఉంది. ఒక స్పీకర్ మీద "30 వాట్లు, 20 గంటల బ్యాటరీ" అని ఉందనుకోండి. లోపల బ్యాటరీ 3.7 వోల్టుల దగ్గర 5000 ఎం.ఏ.హెచ్. (మిల్లీఆంపియర్-అవర్లు) అనుకుందాం. రెండూ గుణిస్తే 18.5 వాట్-అవర్లు. దాన్ని 20 గంటలతో భాగిస్తే సగటున వాడేది ఒక వాట్ కూడా లేదు! ఆ ఒక్క వాట్‌లోనే బ్లూటూత్ చిప్పు ఖర్చూ ఉంది. అదే బ్యాటరీ మీద 30 వాట్లు ఆపకుండా లాగితే నలభై నిమిషాలు కూడా రాదు. సంగీతంలో ఎప్పుడూ గరిష్ఠ పవర్ అక్కర్లేదన్న మాట నిజమే. డ్రమ్ము దెబ్బ పడిన క్షణంలో పవర్ ఎగసి, మరుక్షణం పడిపోతుంది. కానీ 20 గంటలని రాసిన కంపెనీయే, మామూలుగా వినడానికి ఒక వాట్ లోపే చాలునని పరోక్షంగా ఒప్పుకుంటోంది. మరి మిగతా 29 వాట్లని చూసి మనం ఎందుకు ఎంచుకుంటున్నట్టు?

ఎం.ఏ.హెచ్. గురించి ఒక ముక్క. రెండు స్పీకర్లలో ఒకదానికి 5000, ఇంకోదానికి 2500 ఉందని మొదటిది రెండింతలు వస్తుందనుకోకండి. రెండో దాంట్లో రెండు సెల్స్ వరుసగా కలిపి 7.4 వోల్టులు ఇస్తుంటే, రెండింట్లోనూ నిల్వ ఉండేది సరిగ్గా అంతే. పోల్చాల్సింది వాట్-అవర్లని.

ఇక బేస్. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే చిన్న స్పీకర్ల వ్యాపారమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

శబ్దమంటే గాలిని కదపడమే. స్వరం కిందికి దిగేకొద్దీ కదపాల్సిన గాలి విపరీతంగా పెరుగుతుంది. 100 హెర్ట్జ్ (సెకనుకి వంద ఊపులు) దగ్గర ఒక కోన్, అంటే డ్రైవర్ ముందుండే గిన్నెలాంటి పొర, కొంత దూరం ముందుకీ వెనక్కీ ఊగి ఒక స్థాయి శబ్దం చేస్తోందనుకుంటే, 50 హెర్ట్జ్ దగ్గర అదే స్థాయి రావాలంటే నాలుగు రెట్ల దూరం ఊగాలి. 25 హెర్ట్జ్ దగ్గర పదహారు రెట్లు. ఐదు సెంటీమీటర్ల కోన్‌తో 40 హెర్ట్జ్ బేస్ వినిపించాలనుకోవడం చెంచాతో బావి తోడటం లాంటిది. దీనికి లౌడ్‌స్పీకర్ ఇంజనీర్ల దగ్గర ఓ పాత సూత్రం ఉంది, హాఫ్‌మన్ ఇనుప సూత్రం (ఐరన్ లా) అంటారు. 1957లో మొదలైన కె.ఎల్.హెచ్. కంపెనీ పేరులోని 'హెచ్' అయిన ఆంటన్ హాఫ్‌మన్ పేరు మీద వచ్చింది. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ పవర్‌తో ఎక్కువ శబ్దం: ఈ మూడింట్లో రెండే దొరుకుతాయి. పోర్టబుల్ స్పీకర్‌లో పెట్టె చిన్నదవ్వాల్సిందే, బేస్ కావాలని జనం అడుగుతారు, కాబట్టి మూడోది వదులుకోవాలి. ఆ మూడోది వదులుకుంటే బ్యాటరీ మీద పడుతుంది.

ఇక్కడే ఇంజనీర్ల తెలివి కనిపిస్తుంది, దాన్ని మెచ్చుకోకుండా ఉండలేను. స్పీకర్ రెండు చివర్లా గుండ్రంగా రబ్బరు అంచుతో వణుకుతూ కనిపించేవి ఉంటాయి చూశారా, అవి డ్రైవర్లు కావు. వాటికి వైరు ఉండదు. ప్యాసివ్ రేడియేటర్లంటారు. లోపలి డ్రైవర్ వెనకవైపు పుట్టించే ఒత్తిడితో అవి ఊగుతాయి, తక్కువ స్వరాలకి సాయం పడతాయి. పెద్ద స్పీకర్లలో ఈ పని చేసే గొట్టం లాంటి రంధ్రం చిన్న పెట్టెలో పట్టదు, పట్టినా గాలి బుసకొడుతుంది. పైగా రంధ్రముంటే నీళ్లు లోపలికి పోతాయి. ప్యాసివ్ రేడియేటర్ వల్ల పెట్టెని పూర్తిగా మూసేయొచ్చు. నీటికి తట్టుకునే స్పీకర్లలో ఇవి ఇంతగా కనిపించడానికి అదో కారణం.

ఇంకో ఉపాయం మన మెదడు మీద ఆడేది. ఒక స్వరానికి మూలం 60 హెర్ట్జ్ అయితే దాని పై అంతస్తులు 120, 180, 240 దగ్గర ఉంటాయి. మూలాన్ని తీసేసి పై వాటిని మాత్రమే వినిపించినా, మెదడు 60ని తనంతట తానే పూరించుకుంటుంది. పాత టెలిఫోను 300 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పంపేది కాదు, మగవాళ్ల గొంతు మూలస్వరం మామూలుగా 85 నుంచి 180 మధ్య ఉంటుంది, అయినా ఫోనులో నాన్న గొంతు నాన్న గొంతులాగే ఉండేది కదా. చిన్న స్పీకర్లలోని సిగ్నల్ ప్రాసెసింగ్ ఈ కిటుకుని బాగా వాడుకుంటుంది. మీరు "అబ్బ, ఇంత చిన్న దాంట్లోంచి అంత బేసా" అనుకున్నప్పుడు అందులో కొంత మీ మెదడు చేసిన పనే.

తప్పు లేదు, నాకూ అది ఇష్టమే. కానీ పెట్టె మీద "60 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్" అని రాసి, పక్కన ప్లస్ ఆర్ మైనస్ ఎన్ని డెసిబెల్స్ అని రాయకపోతే ఆ మొదటి అంకెకి విలువ లేదు. 60 దగ్గర ఏదో ఒక శబ్దం వస్తుంది, ఎంత అన్నదే ప్రశ్న. ఇంకోటి, వాల్యూమ్ పెంచేకొద్దీ ఈ స్పీకర్లలో బేస్ తగ్గిపోతుంది. కోన్ హద్దు దాటి ఊగకుండా ప్రాసెసర్ తక్కువ స్వరాలని కోసేస్తుంది. డెబ్భై శాతం దాటాక పాట గట్టిపడదు, కీచుమనడం మొదలవుతుంది. గోల రోజు కోసం కొన్న స్పీకర్ సరిగ్గా ఆ గోల రోజునే తన బేస్‌ని దాచేసుకుంటుందన్నమాట.

తక్కువ వాల్యూమ్‌లో కథ తలకిందులవుతుంది. 1933లో బెల్ లేబరేటరీస్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు చెవి స్వభావాన్ని కొలిచారు. శబ్దం తగ్గేకొద్దీ చెవి తక్కువ స్వరాలకి మరీ మందమవుతుందని తేలింది. ఇప్పుడు ఐ.ఎస్.ఓ. 226 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఉన్న రేఖల ప్రకారం, 1000 హెర్ట్జ్ స్వరం 40 డెసిబెల్స్ దగ్గర ఎంత వినిపిస్తుందో 100 హెర్ట్జ్ స్వరం కూడా అంతే వినిపించాలంటే 60 డెసిబెల్స్ దాటాలి. సౌండ్ తగ్గిస్తే పాట పలచబడి, తబలాలో ఎడమచేతి దెబ్బ మాయమవడానికి కారణమిది. మంచి స్పీకర్ ఈ సంగతి తెలిసి, వాల్యూమ్ తగ్గేకొద్దీ బేస్‌ని కాస్త ఎత్తుతుంది. తక్కువ వాల్యూమ్‌లో కోన్‌కి ఊగడానికి బోలెడు చోటుంటుంది కాబట్టి ఈ పని చిన్న స్పీకర్ కూడా హాయిగా చేయగలదు. చేశారా లేదా అన్నది ఏ పెట్టె మీదా రాసి ఉండదు. చెవితోనే తెలుసుకోవాలి, సౌండ్ తగ్గించే తెలుసుకోవాలి.

ఇంకా కొన్ని ఉన్నాయి. ఇవి చిన్న విషయాలే. రోజూ చిరాకు పెట్టేవి మాత్రం ఇవే.

మొదటిది, అడుగు మెట్టు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో వాల్యూమ్‌కి 15 మెట్లుంటాయి. కొన్ని స్పీకర్లలో ఒకటో మెట్టే రాత్రిపూటకి ఎక్కువ. దాని కిందకి దిగితే మౌనమే. ఫోను "ఇంత వాల్యూమ్" అని అంకె పంపుతుంది, ఆ అంకెకి ఎంత శబ్దమో స్పీకర్ తన ఇష్టం వచ్చినట్టు నిర్ణయించుకుంటుంది. ఆండ్రాయిడ్ డెవలపర్ ఆప్షన్స్‌లో, ఫోను, స్పీకర్ వాల్యూమ్‌లని ఒకటిగా కలిపే ఈ అబ్సల్యూట్ వాల్యూమ్‌ని ఆపేసే మీట ఒకటుంది. అది నొక్కితే ఫోను వాల్యూమ్, స్పీకర్ వాల్యూమ్ విడివిడిగా పనిచేస్తాయి, అప్పుడు సందు దొరుకుతుంది. కానీ కొన్నవాడెవడూ ఇంత దూరం వెళ్లాల్సిన అవసరం ఉండకూడదు.

రెండోది, బుసబుస. పాట ఆగినా ఆంప్లిఫయర్ నుంచి సన్నటి 'స్‌స్‌' వస్తూనే ఉంటుంది. వాల్యూమ్ ఎంతున్నా అది మారదు. డెమోలో ఎవరికీ వినపడదు. రాత్రి పడక పక్కన పెట్టుకుని మెల్లగా మాట్లాడే మనిషిని వింటుంటే, మాటకీ మాటకీ మధ్య వినిపించేది అదే.

మూడోది నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది. ఆ బుసని దాచడానికో, బ్యాటరీ మిగల్చడానికో కొన్ని స్పీకర్లు సిగ్నల్ కాస్త తగ్గగానే ఆంప్లిఫయర్‌ని ఆపేస్తాయి. మళ్లీ శబ్దం రాగానే మేల్కొంటాయి, కాని ఓ క్షణం ఆలస్యంగా. ఆ క్షణంలో వచ్చిన అక్షరం పోతుంది. పాటల్లో ఇది తెలియదు, ఎందుకంటే పాటలో ఎప్పుడూ ఏదో ఒకటి మోగుతూ ఉంటుంది. మాటల్లో తెలుస్తుంది. కథ చదివేవాళ్లు ఒక వాక్యం ముగించి, ఊపిరి తీసుకుని, "అతను" అని మొదలుపెడితే మనకి "తను" అని వినిపిస్తుంది. తెలుగులో ఒక్క అక్షరం పోతే వాక్యం అర్థమే మారిపోతుంది, చెప్పక్కర్లేదు.

నాలుగోది, స్పీకర్ తన గురించి తాను చేసుకునే ప్రకటనలు. ఆన్ చేస్తే ఓ సంగీతం, కనెక్ట్ అయితే ఇంగ్లిష్‌లో ఒక అమ్మాయి, బ్యాటరీ తగ్గితే మళ్లీ అదే అమ్మాయి. మనం పెట్టుకున్న వాల్యూమ్‌తో వీటికి సంబంధం ఉండదు. నా దగ్గర ఉన్న ఒక స్పీకర్ అర్ధరాత్రి బ్యాటరీ అయిపోతోందని ఇల్లంతా నిద్రలేపి మరీ చెప్పేది. ఛార్జింగ్ మిగిలి ఉన్న మిగతా రోజుల్లో ఎంత బాగా పాడినా నేను దాన్ని క్షమించలేదు. కొన్ని మోడళ్లలో యాప్ ద్వారానో, రెండు బటన్లు కలిపి నొక్కో ఈ గొంతుని ఆపొచ్చు. కొనేముందు మాన్యువల్‌లో చూసుకోండి.

మనిషి గొంతు ఎందుకు మంచి పరీక్షో కూడా చెప్పాలి. చిన్నప్పటి నుంచి మనం అన్నిటికంటే ఎక్కువ విన్నది దాన్నే. గిటారు ఎలా మోగాలో చాలామందికి తెలియదు, మనిషి ఎలా మాట్లాడాలో అందరికీ తెలుసు. గొంతు ముక్కులోంచి వస్తున్నట్టుంటే, డబ్బాలోంచి వస్తున్నట్టుంటే, స, శ, ష లు చెవిలో గుచ్చుతుంటే ఎవరి సలహా లేకుండానే పట్టేస్తాం. బేస్ కోసం మధ్య స్వరాలని వెనక్కి నెట్టిన స్పీకర్‌లో మగగొంతు గుమ్మటంలోంచి వస్తున్నట్టు గుమ్‌గుమ్‌మంటుంది. హల్లులన్నీ దాని కింద పడి నలిగిపోతాయి. హల్లుల స్పష్టతకి ముఖ్యమైన ప్రాంతం సుమారు 2000 హెర్ట్జ్ నుంచి పైకి. ఈ ప్రాంతం శుభ్రంగా వినిపించడానికి పెద్ద కోన్ అక్కర్లేదు, బోలెడు వాట్లూ అక్కర్లేదు. చిన్న స్పీకర్ సహజంగా బాగా చేయగలిగిన పని ఇది. మనమే దాన్ని చేతకాని పనికి పురమాయిస్తున్నాం.

మిగతా అంకెల్ని త్వరగా దాటేద్దాం. బ్లూటూత్ వెర్షన్ 5.0 అయినా 5.3 అయినా పాటలో తేడా ఉండదు. 2016లో వచ్చిన 5.0తో దూరం, వేగం పెరిగాయని చెప్పినదంతా లో ఎనర్జీ అనే, తక్కువ పవర్‌తో నడిచే బ్లూటూత్ రకానికి. చాలా స్పీకర్లకి పాట ఇంకా పాత క్లాసిక్ దారిలోనే వెళ్తుంది. ఆరుబయట సిగ్నల్ తెగుతుంటే వెర్షన్‌ని తిట్టే ముందు ఫోను ఏ జేబులో ఉందో చూసుకోండి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలని మన ఒళ్లు బాగా పీల్చేస్తుంది. ఇంట్లో అయితే గోడల మీద నుంచి తిరిగొచ్చి ఎలాగో చేరతాయి, మైదానంలో ఆ అవకాశం లేదు.

కోడెక్ (బ్లూటూత్‌లో పంపడానికి శబ్దాన్ని కుదించే పద్ధతి) గురించి కొట్టుకునేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. అన్ని పరికరాల్లోనూ తప్పనిసరిగా ఉండే ఎస్.బి.సి. మామూలు సెట్టింగుల్లో సెకనుకి 328 కిలోబిట్ల దాకా పంపుతుంది. ఎల్.డి.ఏ.సి. అనే ఇంకో కోడెక్ 990 దాకా వెళ్తుంది. మంచి హెడ్‌ఫోన్లలో ఈ తేడా గురించి మాట్లాడుకోవచ్చు. వంటగదిలో, ఐదు సెంటీమీటర్ల కోన్ మీద, కుళాయి నీళ్ల చప్పుడులో? పైగా అది ఫోనులోనూ ఉండాలి. ఐఫోన్‌లో ఎల్.డి.ఏ.సి. లేదు, ఆప్ట్‌ఎక్స్ అనే మరో కోడెకూ లేదు.

ఆలస్యం మాత్రం నిజమైన సమస్య, అదీ కొందరికే. బ్లూటూత్‌లో శబ్దం సెకనులో ఐదో వంతు దాకా వెనకబడటం మామూలే. వీడియో యాప్‌లు బొమ్మని కూడా అంతే ఆపి సర్దుకుంటాయి. ఆటలు సర్దుకోలేవు, కీబోర్డు వాయించేవాళ్లకైతే అసలు పనికిరాదు. అలాంటివాళ్లు 3.5 ఎం.ఎం. జాక్ ఉన్నదే కొనుక్కోవాలి. కొత్త మోడళ్లలో అది ఒక్కొక్కటిగా మాయమవుతోంది. యు.ఎస్.బి.-సి రంధ్రం ఉందిగా అంటే, చాలావాటిలో అది ఛార్జింగ్‌కి మాత్రమే. చవక వాటిలో ఇంకో తిరకాసుంది: రంధ్రం సి రకమే అయినా, రెండు వైపులా సి ఉన్న కేబుల్ పెడితే ఛార్జ్ ఎక్కదు, పెట్టెలో ఇచ్చిన పాత రకం కేబులే కావాలంటుంది.

నీటి రక్షణ అక్షరాలని చదవడం వస్తే మంచిది. ఐ.పి. తర్వాత మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. ఎక్స్ ఉందంటే ఆ పరీక్ష గురించి ఏమీ చెప్పడం లేదని. ఐ.పి.67 అంటే దుమ్ము అసలు దూరదు, మీటరు లోతు మంచినీళ్లలో అరగంట ఉన్నా ఫర్వాలేదు. సముద్రపు ఉప్పు, సబ్బు, వేడినీళ్ల ఆవిరి ఆ పరీక్షలో లేవు. ఎత్తు నుంచి కింద పడటం అసలే లేదు. ఇంకో వింత: నీళ్లలో మునిగినా బతికే ఐ.పి.ఎక్స్.7, పైపుతో కొట్టే నీటి ధారకి కూడా తట్టుకుంటుందని అర్థం కాదు. దానికి వేరే పరీక్ష ఉంది, రెండూ పాసైతే రెండూ రాస్తారు. వంటింటికీ బాత్రూమ్ గట్టుకీ చిందులు తట్టుకుంటే చాలు. తడిగా ఉన్నప్పుడు ఛార్జింగ్ పెట్టకపోవడం వీటన్నిటికంటే ముఖ్యం.

బ్యాటరీ గంటల గురించి ఇందాకే తేలిపోయింది. నేను చూసేది దాని ఆయుష్షు. లిథియం-అయాన్ సెల్ కొన్ని వందల పూర్తి ఛార్జింగుల తర్వాత నీరసిస్తుంది. వేడి, ఎప్పుడూ నూటికి నూరు శాతం నింపి ఉంచడం దాన్ని ఇంకా తొందరపెడతాయి. ఎప్పుడూ ప్లగ్గుకి తగిలించి ఉంచే స్పీకర్ అందుకే ఊహించిన దానికంటే ముందే చేతులెత్తేస్తుంది. డ్రైవరు, ఆంప్లిఫయరు పదేళ్లు పనిచేస్తాయి, చచ్చేది బ్యాటరీ ఒక్కటే. అది జిగురుతో అతికించిన పెట్టెలో ఉంటే స్పీకర్ మొత్తం చెత్తే. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన బ్యాటరీల నిబంధన ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి, కొన్ని మినహాయింపులు పోను, అక్కడ అమ్మే వస్తువుల్లో చిన్న బ్యాటరీలని వాడేవాళ్లే తీసి మార్చుకోగలగాలి. దాని పుణ్యమా అని డిజైన్లు మారితే అందరికీ లాభమే. ఈలోగా స్క్రూలు కనిపించే మోడల్ దొరికితే, మిగతావన్నీ సమానమైనప్పుడు నా ఓటు దానికే.

స్టీరియో గురించి ఆశ పెట్టుకోకండి. ఒకే పెట్టెలో జానెడు దూరంలో ఉన్న రెండు డ్రైవర్లు రెండు మీటర్ల అవతల కూర్చున్నవాడికి ఒకటే. నిజంగా స్టీరియో కావాలంటే రెండు స్పీకర్లు కావాలి, రెండూ ఒకేసారి కొనాలి. "ఇప్పుడొకటి కొందాం, తర్వాత ఇంకోటి జత చేద్దాం" అనేది పనిచేయకపోవచ్చు. జె.బి.ఎల్. సంగతే చూడండి. స్పీకర్లని జత చేయడానికి కనెక్ట్ ప్లస్ అని ఒక పద్ధతి తెచ్చింది, తర్వాత పార్టీబూస్ట్ అంది, ఇప్పుడు ఆరాకాస్ట్ అంటోంది. పార్టీబూస్ట్ ఉన్నది కనెక్ట్ ప్లస్ దాంతో కలవదు, కొత్త ఆరాకాస్ట్‌వి పార్టీబూస్ట్ వాటితో కలవవు. ఆరాకాస్ట్ మాత్రం బ్లూటూత్ ప్రమాణంలోదే కాబట్టి ముందు ముందు కంపెనీల గోడలు కూలొచ్చని కాస్త ఆశ.

ఇప్పుడు నాకు ఎదురు చెప్పేవాళ్ల మాట. "మేం స్నేహితులం నలుగురం కలిసి బయటికి వెళ్తాం, మాకు గట్టిగా మోగాలి" అంటారు. న్యాయమే. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది, ఆదుకోవడానికి గోడలుండవు. అలాంటివాళ్లు అరకిలో స్పీకర్‌లో వాట్లు వెతక్కుండా, రెండు మూడు కిలోల పెద్దదే తీసుకోవాలి. పరిమాణానికి ప్రత్యామ్నాయం లేదు. కానీ అంత బరువున్నది రోజూ గది నుంచి గదికి చేతిలో రాదు, ఓ మూల స్థిరపడిపోతుంది. ఒకే స్పీకర్ రెండు పనులూ చేయాలనుకునేవాళ్లే ఎక్కువ డబ్బు పెట్టి ఎక్కువ అసంతృప్తి కొనుక్కుంటారని నాకనిపిస్తుంది. (రంగు రంగుల లైట్ల గురించి అడక్కండి. అవి బ్యాటరీతో వెలుగుతాయి, చెవులతో వాటికి పనిలేదు.)

బేస్ మరీ తక్కువనిపిస్తే కొత్తది కొనేముందు చోటు మార్చి చూడండి. గోడకి దగ్గరగా జరిపితే బేస్ పెరుగుతుంది, రెండు గోడలు కలిసే మూలకి జరిపితే ఇంకా పెరుగుతుంది. మరీ గుమ్‌గుమ్‌మంటుంటే అదే గోడ నుంచి దూరం జరపాలి. పక్కల ప్యాసివ్ రేడియేటర్లు ఉంటే వాటిని గోడకో పుస్తకాలకో ఆనించేయకూడదు.

మరి పరీక్ష ఎలా? దుకాణంలో అయితే వాళ్ల పాట ఆపించి మీ ఫోను కలపండి. ఒక మగగొంతు, ఒక ఆడగొంతు మాట్లాడే రికార్డింగు ముందే దించుకుని వెళ్లండి. మధ్యమధ్య ఆగి, మెల్లగా చెప్పేవాళ్లయితే మంచిది. తర్వాత మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి, అందులో పల్లవికి ముందు నిశ్శబ్దం ఉంటే ఇంకా మంచిది. వాల్యూమ్ మూడో మెట్టు దగ్గర పెట్టండి. దుకాణం గోలలో ఏం వినపడుతుందని మీరడగొచ్చు, నిజమే, సగమే తెలుస్తుంది. మిగతా సగం ఇంట్లో, వాపసు గడువు లోపల చేయాలి. రాత్రి ఫ్యాన్ ఆపి ఒకటో మెట్టు చూడండి. పాట ఆపి దగ్గరగా చెవి పెట్టి బుస వినండి. బటన్లు చీకట్లో తడిమి గుర్తుపట్టగలరేమో చూడండి. ఇంట్లో ఇంకొకరి ఫోను కూడా కలిపి, వాళ్లకి మెసేజ్ వచ్చినప్పుడల్లా మీ కథ ఆగుతుందేమో గమనించండి. ల్యాప్‌టాప్‌తో మీటింగులో వాడేవాళ్లయితే మైకు ఆన్ చేయగానే శబ్దం పాత టెలిఫోనులా మారుతుంది. అది అన్ని స్పీకర్లలోనూ దాదాపు అంతే, వెనక్కివ్వడానికి అది కారణం కాదు. అక్షరాలు మింగడం మాత్రం కారణమే. కాబట్టి ఈ పరీక్షలన్నీ అయ్యేదాకా అట్టపెట్టె, లోపలి థర్మాకోలు, బిల్లు పారేయకండి.